పుస్తకం మూసి రాసిన నోట్సు

2005లో నేను ఏలూరులో ఒక శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేస్తున్నాను. రెండు గదుల పాత భవనం. ముందు గదిలో పేపర్లు చదివేవాళ్లు, వెనక గదిలో ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లు కూర్చునేవారు. ఎండలు ముదిరాయంటే ముందు గది పలచబడేది, వెనక గది నిండిపోయేది. ఫ్యాను కింది కుర్చీ కోసం తగువులు వచ్చేవి. వాటిని తీర్చడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

ఆ ఏడాది మార్చిలో ఒకావిడ భర్తతో కలిసి వచ్చి సభ్యత్వం తీసుకున్నారు. వయసు నలభై దాటి ఉంటుంది. పేరు గ్రేస్ కుమారి. ఊళ్లోనే ఒక ఎయిడెడ్ హైస్కూల్లో సోషల్ టీచరు. భర్త జోసెఫ్ గారు కైకలూరులో ఒక ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, రోజూ బస్సులో వెళ్లి వస్తారు. మాట్లాడిందంతా ఆయనే. ఆవిడ బీరువాల ముందు నిలబడి పుస్తకాల వీపుల మీది కాల్ నంబర్లు చూస్తున్నారు. కాల్ నంబర్ అంటే పుస్తకం ఏ బీరువాలో, ఏ అరలో ఉండాలో చెప్పే అంకెల చీటీ. చివరికి జిల్లా భూగోళం మీద ఉన్న పాత పుస్తకం ఒకటి తీసుకున్నారు.

కొన్నాళ్లకు ఆ పుస్తకం తిరిగి ఇచ్చేసి, "జిల్లా గురించి ఏదైనా ఉంటే చూడాలండీ" అన్నారు. అర చూపించాను. మళ్లీ అదే పుస్తకం తీసి, అట్ట తిప్పి చూసి, "ఇది బావున్నట్టుందండీ" అన్నారు. ఇంకా పూర్తి కాలేదేమో అనుకుని ముద్ర వేసి ఇచ్చాను. తర్వాతి వారం కూడా అలాగే జరిగింది. ఈసారి ఉండబట్టలేక చెప్పాను.

"టీచరు గారూ, ఇది మీరు ఇంతకుముందు తీసుకెళ్లినదేనండీ."

ఆవిడ పుస్తకం వెనక అట్ట తెరిచి, వాపసు తేదీలు వేసే కాగితం చూశారు. వేలితో కింది ముద్రలు తడిమారు.

"ఇవి నావేనా అండీ?"

"చివరివి మీవేనండీ."

ఆవిడ అక్కడే ఉన్న బల్ల మీద కూర్చున్నారు. ఆవిడే విషయం చెప్పారు. అంతకుముందు చలికాలంలో మెదడువాపు జ్వరం వచ్చింది. విజయవాడ ఆసుపత్రిలో చాలా రోజులున్నారు. ప్రాణం దక్కింది. మాట, నడక బాగానే ఉన్నాయి. జ్వరానికి ముందు తెలిసిన సంగతులన్నీ గుర్తున్నాయి. కొత్తగా చదివినవి మాత్రం నిలవడం లేదు. కొత్త మొహాలు కూడా రోజూ చూస్తుంటేనే గుర్తుంటున్నాయి.

"పేజీ తిప్పానంటే వెనక పేజీ పోతుందండీ. బోర్డు తుడిచేసినట్టే. చదువుతున్నంతసేపూ అర్థమవుతూనే ఉంటుంది. అదే నాకు మరీ భయంగా ఉంటుంది."

స్కూల్లో పదో తరగతి సోషల్ చెప్పే సీనియర్ ఆ వేసవిలో రిటైరవుతున్నారు. జూన్ నుంచి ఆ తరగతులు గ్రేస్ కుమారి గారికేనని జ్వరం రాకముందే అనుకున్నారు. ఆవిడ అన్నేళ్లూ చెప్పింది ఆరు, ఏడు తరగతులకే. పై తరగతుల పాఠాలు కొత్తగా చదువుకోవాలి. ఇప్పుడు హెడ్‌మిస్ట్రెస్ ఆవిణ్ణి కొన్నాళ్లు ఆఫీసు పని చూసుకోమంటున్నారు. ఈవిడ ఒప్పుకోలేదు. మే నెలాఖరున వేసవి తరగతుల పిల్లలకు తమ ముందు ఒక పాఠం చెబితే, అది చూసి నిర్ణయిద్దామని హెడ్‌మిస్ట్రెస్ అన్నారు.

"ఇంట్లో చదివితే మా ఆయన నా మొహమే చూస్తూ కూర్చుంటారండీ. స్కూల్లో చదివితే అందరూ చూస్తారు. ఇక్కడ కూర్చోవచ్చా అండీ?"

వెనక గదిలో కిటికీ పక్క కుర్చీ ఆవిడకి కేటాయించాను. ఫ్యాను గాలి అక్కడిదాకా రాదు కాబట్టి దానికి పోటీ ఉండేది కాదు.

చదివింది గుర్తుండకపోతే నోట్సు రాసుకోవాలని ఎవరైనా చెబుతారు. నేనూ అదే చెప్పాను. ఆవిడ నోట్సు రాయడం మొదలుపెట్టారు. టీచరు దస్తూరి, ముత్యాల్లాంటి అక్షరాలు. శీర్షికలకు ఎర్ర సిరా, కింద స్కేలుతో గీత. ఒకరోజు వెళ్లి చూస్తే, పుస్తకంలో ఉన్నది దాదాపు ఉన్నదున్నట్టు నోట్‌బుక్కులోకి ఎక్కింది. ఒక పుస్తకం రెండయింది, అంతే. పాఠ్యపుస్తకం ఆవిడ సొంతం కాబట్టి అందులో పెన్సిలు గీతలు కూడా పెట్టారు. ముఖ్యమైన వాక్యాల కింద గీయాలని మొదలుపెట్టి, ఏది ముఖ్యమో తేల్చుకోలేక అన్నిటి కిందా గీసేశారు. గీత లేని వాక్యమే కళ్లకు ఆనుతోంది.

"ఈ పేజీలో ఏముందండీ?" అని అడిగాను, నోట్‌బుక్కు మీద చెయ్యి పెట్టి.

ఆవిడకి ఎర్ర సిరా శీర్షిక కూడా గుర్తు రాలేదు. చెయ్యి తీసి చూపించాను. చదువుకున్నారు.

"రాత నాదేనండీ. కానీ ఇంకెవరో రాసిపెట్టినట్టుంది" అన్నారు.

రెండో ప్రయత్నం నాది. మా లైబ్రరీ సైన్సు చదువులో అనోటేషన్ అని ఒకటి నేర్పుతారు. కొత్త పుస్తకం వస్తే అది ఏం చెబుతోందో, ఎవరికి పనికొస్తుందో రెండు మూడు వాక్యాల్లో రాయడం. నాకు అది చేయి తిరిగిన పని. పాఠాలన్నిటికీ అలా చిన్న చిన్న చీటీలు రాసి ఇచ్చాను. ఆవిడ మర్యాదగా తీసుకున్నారు, చదివారు, బావున్నాయన్నారు. మర్నాటికి వాటిలో ఒక్కటీ నిలవలేదు. పుస్తకంలోని వాక్యాల్లాగే నా వాక్యాలు కూడా ఆవిడకు పరాయివే.

ఏప్రిల్ మధ్యలో ఒక సాయంత్రం జోసెఫ్ గారు కొంచెం ముందే వచ్చారు. లోపలికి రాకుండా నన్ను వరండాలోకి పిలిచారు. ఐసు ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు, చొక్కా మీద ఐసు దిమ్మలకు కప్పే రంపపు పొట్టు ఉంది.

"మేడం గారూ, తప్పుగా అనుకోకండి. మీరే ఎలాగో చెప్పి మానిపించండి. ఇంటికొచ్చాక అన్నం సరిగ్గా తినట్లేదు. ఆ నోట్‌బుక్కు ముందేసుకుని కూర్చుని, పెదాలు కదుపుతూ ఉంటుంది. నేను చెబితే నామీద కోపమొస్తుంది. లైబ్రరీ వాళ్లు చెబితే వింటుంది."

"ఏమని చెప్పమంటారండీ?"

"ఇక్కడ ఇలాంటివి కుదరవని చెప్పండి. ఆవిడ బతికి వచ్చిందండీ. నాకు అది చాలు. ఆఫీసు పనికేం, మంచి పనే కదా."

ఆయన అడిగింది అన్యాయం కాదు. అయినా నేను ఒప్పుకోలేదు.

"వచ్చి పుస్తకం అడిగితే ఇవ్వడమే నా పనండీ. ఎవరినీ రావద్దని చెప్పలేను. మానాలనుకుంటే ఆవిడే మానాలి."

ఆయన మెట్ల మీద కూర్చుని ఆవిడ బయటికి వచ్చేదాకా ఎదురుచూశారు. నేను చేసింది సరైనదేనా అన్న సందేహం ఆ రాత్రంతా నాకూ ఉంది.

తర్వాత కొద్ది రోజులకే సంగతి మలుపు తిరిగింది. నేను కొత్త పుస్తకాలకు చీటీలు అంటిస్తున్నాను. కిటికీ దగ్గర నుంచి ఆవిడ పిలిచారు. గొంతులో చిరాకు ఉంది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి. ఇది చూడండి ఏం రాశాడో."

అదే జిల్లా భూగోళం పుస్తకం. కొల్లేటి నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుందని అందులో ఒక వాక్యం ఉంది.

"తప్పా అండీ?" అన్నాను.

"తప్పు కాదు. సగం. ఎండాకాలం సముద్రమే ఎదురు వస్తుందండీ. నేను కొల్లేటి లంకలో పుట్టిన దాన్ని. మే నెలొస్తే మా నీళ్లు ఉప్పగా అయిపోయేవి. ఆ నీళ్లతో పప్పు ఉడికేది కాదు. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉప్పుటేరుని తిట్టేది. నీళ్లు అటే పోతాయని ఈయన రాసేస్తే సరిపోతుందా?"

చాలాసేపు చెప్పారు. మంచినీళ్ల కోసం దోనెలో ఎంత దూరం పోయేవారో, వానలు పడి తమ్మిలేరు పొంగి వచ్చాక నీళ్లు మళ్లీ ఎలా తియ్యగా అయ్యేవో. పక్క బల్ల వాళ్లు తలెత్తి చూశారు. నిశ్శబ్దం పాటించాలని నేనే గోడ మీద రాయించిన హెచ్చరిక కిందనే ఇదంతా జరిగింది.

మర్నాడు పొద్దున ఆవిడ వచ్చి సంచి బల్ల మీద పెడుతూ అడిగారు.

"ఆ ఉప్పుటేరు సంగతి తర్వాతి పేజీల్లోనైనా సరిచేశాడంటారా అండీ?"

జిగురు బ్రష్షు పక్కన పెట్టాను. చదివిన దాన్ని ఆవిడ మర్నాటిదాకా పట్టుకుని రావడం అదే మొదలు. ఆ మాట నేను అనకముందే ఆవిడకూ తెలిసింది. కుర్చీ వెనక భాగం పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఏ పేజీలో ఉందండీ అది?" అన్నాను, నా తొందర కనిపించకుండా.

"నంబరు తెలీదండీ. ఎడమ పక్క పేజీ. కింద."

తీసి చూస్తే ఎడమ పక్క పేజీలో, కిందే ఉంది.

ఆ రోజు ఆవిడ చదవలేదు. ఇద్దరం కూర్చుని దాని గురించే మాట్లాడుకున్నాం. వందల వాక్యాల్లో ఇదొక్కటే ఎందుకు నిలిచింది? దానితో ఆవిడ పోట్లాడారు. తన చిన్నతనాన్ని తీసుకొచ్చి దాని పక్కన పెట్టారు. ఆ తర్వాత దాన్ని తన మాటల్లో నాకు చెప్పారు. అప్పుడు పుస్తకం కూడా ఆవిడ ముందు లేదు, నేను చేతిలోకి తీసుకున్నాను. అయితే నోట్సు కూడా అలాగే రాసి చూద్దామనుకున్నాం.

నోట్‌బుక్కు పేజీని నిలువుగా మడిచి గీత పెట్టాలన్నది ఆవిడ ఆలోచన. ఎడమ పక్క పుస్తకాన్ని అడగాల్సిన ప్రశ్న, లేకపోతే పుస్తకంతో తగువు. దాని కింద పేజీ నంబరు, పైనా కిందా, కుడా ఎడమా. జవాబు కుడి పక్క. అది మాత్రం పుస్తకం మూసేశాకే రాయాలని నేను పట్టుబట్టాను. పుస్తకం తెరిచి ఉంటే చెయ్యి దానంతట అదే ఉన్న వాక్యాన్ని ఎత్తి రాసేస్తుంది. అనోటేషన్ రాసేటప్పుడు నాకు బాగా తెలిసొచ్చిన సంగతి అది. మూసేశాక ఏమీ తోచకపోతే మళ్లీ తెరిచి చదవచ్చు. చూస్తూ మాత్రం రాయకూడదు.

మర్నాడు కొత్త పేజీ తెరవకముందు, కుడి పక్కను చేత్తో కప్పి, ఎడమ పక్క ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. రానివాటికి చుక్క పెట్టుకోవాలి. మర్నాడు మళ్లీ ముందు ఆ చుక్కల దగ్గరికే వెళ్లాలి.

మొదట్లో చాలా నెమ్మదిగా సాగింది. అంతకుముందు గంటలో పాఠమంతా ఎక్కించిన మనిషి ఇప్పుడు ఒక పేజీ దగ్గర కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తుండేవారు. ఎండలు ముదిరి గది నిండిపోవడంతో కుర్రవాళ్లలో ఒకరు, ఆవిడ చదవకపోతే ఆ కుర్చీ తనకు ఇప్పించమని నన్ను అడిగారు కూడా. చదువుతున్నారనే చెప్పాను.

ఆ నోట్సులో కొన్ని ప్రశ్నలు నాకిప్పటికీ గుర్తున్నాయి. "నైరుతి గాలి వానంతా పడమటి కొండలకే ఇచ్చేస్తే మా ఏలూరుకి ఏం మిగిలింది?" అని ఒకటి. కుడి పక్క ఆవిడ మాటల్లో జవాబు: "దారి మార్చి బంగాళాఖాతం మీంచి కూడా వస్తుంది. అల్పపీడనాలు తోస్తాయి. పశ్చిమాన ఒలికిపోయింది తూర్పున మళ్లీ నింపుకుంటుంది." పాఠ్యపుస్తకంలో అదే విషయం ఒక పేరాగ్రాఫు ఉంది. నాకు ఆ పేరాగ్రాఫు గుర్తు లేదు.

అన్నిటికీ ఈ పద్ధతి పనిచెయ్యలేదు. పేర్లు, సంవత్సరాలు, ఖనిజాలు దొరికే ఊళ్లు, వీటితో తగువు పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. అవి నిలవలేదు. ఆవిడ నిరుత్సాహపడుతుంటే, వాటికోసం నోట్‌బుక్కు చివర నాలుగు కాగితాలు వదిలి ఇండెక్స్ రాయించాను. పుస్తకాల చివర ఏ మాట ఏ పేజీలో ఉందో అక్షర క్రమంలో ఇచ్చే పట్టికను ఇండెక్స్ అంటారు. గుర్తు లేకపోయినా పర్వాలేదు, ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు. మేమందరం చేసేదీ అదే. లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ నేను మాత్రం చదివానా?

ఆవిడ ఆ మాటకు నవ్వారు. జోసెఫ్ గారు కూడా ఆ రోజు లోపలికి వచ్చి కూర్చున్నారు. ఆవిడ నోట్‌బుక్కు ఆయన చేతికిచ్చి, కుడి పక్క కప్పి ప్రశ్నలు అడగమన్నారు. ఆయన చదవడం, ఆవిడ చెప్పడం. ఒక జవాబు తప్పు చెప్పారు. ఆయన తప్పని చెప్పడానికి మొహమాటపడుతుంటే, "చుక్క పెట్టండి, ఏం పర్లేదు" అన్నారు. ఆ రోజు తర్వాత ఆయన మానిపించమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

మే నెలాఖరున పాఠం చెప్పే రోజు వచ్చింది. నేను అక్కడ లేను. మర్నాడు ఆవిడే వచ్చి చెప్పారు. రుతుపవనాల పాఠం తీసుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్, ఇంకో ఇద్దరు టీచర్లు వెనక బెంచీలో కూర్చున్నారు. సగం వరకు బాగానే నడిచింది. మధ్యలో ఒక అమ్మాయి లేచి ఏదో సందేహం అడిగింది. దానికి జవాబు చెప్పి బోర్డు వైపు తిరిగేసరికి, పాఠం ఎక్కడ ఆపారో పోయింది.

"చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయానండీ. నేను గీసిన బొమ్మే. కానీ ఆ బాణం గుర్తు ఎందుకు వేశానో తెలీలేదు."

"ఏం చేశారండీ?"

"సంచిలోంచి నోట్‌బుక్కు తీశాను. హెడ్‌మిస్ట్రెస్ గారు అన్నారు, 'చూసి చెబుతారేంటండీ?' అని. పిల్లల ముందే అన్నారు. 'చూసే చెబుతానండీ, చూడకుండా చెబితే తప్పు చెప్పేస్తాను' అన్నాను. నోట్‌బుక్కులో ఎడమ పక్క ప్రశ్న ఉంది కదా, అది పిల్లల్నే అడిగాను. ఏలూరుకి వాన ఎక్కడిది అని. తలో మాటా చెప్పారు. ఒకడైతే కొల్లేటి నుంచే వస్తుందన్నాడు. కాదని మిగతావాళ్లు వాడి మీద పడ్డారు. వాళ్లు పోట్లాడుకుంటుంటే నాకు దారి దొరికిందండీ. చివరిదాకా చెప్పాను."

పాఠం అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ ఆవిణ్ణి గదిలోకి పిలిచారట. పదో తరగతి ఇవ్వలేదు. బోర్డు పరీక్ష రాసే పిల్లలతో తాను సాహసం చెయ్యలేనని, ఎనిమిది, తొమ్మిది తరగతులు ఇస్తానని, నోట్‌బుక్కు చూసి చెప్పినా తనకు అభ్యంతరం లేదని అన్నారు.

"మీకు కష్టంగా ఉందా అండీ?" అని అడిగాను.

"ఉందండీ. కానీ ఆవిడ చోట నేనున్నా అంతే చేద్దును" అన్నారు. "క్లాసులోకి మాత్రం వెళ్తున్నాను కదా."

జూన్‌లో బడి తెరిచాక ఆవిడ రావడం తగ్గింది. వచ్చినప్పుడు కొత్త నోట్‌బుక్కులు కనిపించేవి, మధ్యలో నిలువు మడతతో. జబ్బు పూర్తిగా నయం కాలేదు. డాక్టరు కూడా అంతకన్నా ఆశ పెట్టలేదని జోసెఫ్ గారు చెప్పారు. మరుసటి ఏడాది నాకు తాడేపల్లిగూడెం బదిలీ అయింది.

2009 నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు మా దగ్గర హైస్కూలు పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టాం. పోటీకి ముందు ఒక చిన్న పుస్తకం ఇచ్చి చదువుకోనిస్తాం, తర్వాత దాని మీద రాయాలి. ఏలూరు నుంచి వచ్చిన పిల్లల వెంట గ్రేస్ కుమారి గారు వచ్చారు. జుట్టు కొంచెం నెరిసింది, అంతే. దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టాను.

ఆవిడ నమస్కారం తిరిగి పెట్టి, నా మొహం చూశారు. వెతుకుతున్నారని తెలుస్తోంది.

"క్షమించండి. నాకు కొంచెం మరుపు జబ్బండీ. మిమ్మల్ని ఎక్కడ చూశాను?"

"ఏలూరు లైబ్రరీలో పనిచేశానండీ. మీరు వస్తుండేవారు."

"అలాగా అండీ" అన్నారు మర్యాదగా. ఆ మొహంలో ఇంకేమీ కదలలేదు.

ఆవిడ తెచ్చిన పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు. మిగతా బడుల పిల్లలు పుస్తకం తెరిచి పెట్టుకుని గబగబా ఎత్తి రాసుకుంటున్నారు. వీళ్లు కాసేపు చదివి, పుస్తకం మూసి, కాగితానికి కుడి పక్కన రాస్తున్నారు. ఒక అమ్మాయి ఆ పుస్తకం మీద మోచెయ్యి ఆనించి, కళ్లు చిట్లించి, కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"బాగా నేర్పారండీ" అన్నాను.

"పుస్తకం మూశాకే రాయాలని చెబుతానండీ. మొదట్లో విసుక్కుంటారు, తర్వాత వాళ్లే అలవాటు పడతారు. నాకు ఎవరో నేర్పారు. ఎవరో మాత్రం గుర్తు లేదండీ. అది రాసుకోలేదు."

నేను చెప్పలేదు. అందులో సగం ఆవిడ సొంతం, మిగతా సగం నాకు మా చదువులో ఎవరో నేర్పింది. వాళ్ల పేరు నాకూ గుర్తు లేదు.

పుస్తకాల మధ్య పనిచేసేవాళ్లం కాబట్టి నోట్సు ఎలా రాసుకోవాలని మమ్మల్ని తరచూ అడుగుతుంటారు. ఆ వేసవికి ముందు నేను సిరా రంగుల గురించి, శీర్షికల గురించి చెప్పేదాన్ని. ఇప్పుడు ముందు పుస్తకం మూయమంటాను. చదివిన దాంట్లో మీకు నచ్చనిది ఏమిటి, అర్థం కానిది ఏమిటి, మీకు ముందే తెలిసినది ఏమిటి అని అడుగుతాను. చాలామంది ఇబ్బందిగా చూస్తారు. కొంతమంది కాసేపు ఆగి మాట్లాడడం మొదలుపెడతారు. అప్పుడు వాళ్ల చేతికి కాగితం ఇస్తాను.